విదేశీ జైలుకెళ్లిన మనిషి చనిపోతే ప్రభుత్వం ఏం చేయాలి? అపోహలు – వాస్తవాలు

విదేశాల్లో జైలు పాలైనవాళ్ల కుటుంబాల తరఫున కేసులు చూడటం నా పని. మనిషి జైల్లోనే చనిపోయినా, విడుదలై ఇంటికి చేరిన కొన్నాళ్లకే చనిపోయినా, ఆ వార్త రాగానే చుట్టూ ఒకే రకం మాటలు వినిపిస్తాయి. "రాయబారిని వెంటనే వెనక్కి పిలవాలి." "ఏం చేసినా పోయిన మనిషి తిరిగి రాడు కదా." "అసలు అక్కడికి ఎందుకు వెళ్లినట్టు?" మామూలు జనం అంటే సరే. అధికారుల నోట కూడా ఇవే మాటలు వచ్చినప్పుడు కుటుంబం చాలా నష్టపోతుంది. నాకు పదేపదే ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: విడుదలయ్యాక ఇంటి దగ్గర చనిపోతే ఆ జైలుకు సంబంధం లేదు.

ఓటో వార్మ్‌బియర్ అనే అమెరికా విద్యార్థిని 2016 జనవరిలో ఉత్తర కొరియాలోని ప్యాంగ్యాంగ్ విమానాశ్రయంలో అరెస్టు చేశారు. హోటల్లో ఒక ప్రచార పోస్టర్ దొంగిలించబోయాడన్న ఆరోపణ మీద మార్చిలో 15 ఏళ్ల కఠిన శిక్ష వేశారు. 2017 జూన్ 13న అతను కోమాలో ఇంటికి చేరాడు. ఆరు రోజులకు, 19వ తేదీన, 22 ఏళ్ల వయసులో చనిపోయాడు. బోట్యులిజం (ఒక రకం బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే జబ్బు) వచ్చిందనీ, నిద్రమాత్ర వేసుకున్నాక కోమాలోకి వెళ్లాడనీ ఉత్తర కొరియా చెప్పింది. అతనికి వైద్యం చేసిన అమెరికాలోని సిన్సినాటి డాక్టర్లకు బోట్యులిజం ఆనవాళ్లేవీ కనబడలేదు. అతనితో పాటు పంపిన మెదడు స్కాన్లలో పాతదాని మీద 2016 ఏప్రిల్ తేదీ ఉంది. అంటే శిక్ష పడిన కొద్ది వారాల్లోనే మెదడు దెబ్బతింది. ఏడాదికి పైగా ఆ సంగతి తల్లిదండ్రులకు తెలియనే లేదు.

ఆ ఒక్క తేదీ లేకపోతే ఇందులో ఎంత చెప్పగలిగేవాళ్లమో ఆలోచించండి. అందుకే, విడుదలైన మనిషి జబ్బుతో విమానం దిగితే వైద్యం మొదలైన రోజునే నమోదు కూడా మొదలవ్వాలి. ఒంటి మీది గుర్తుల ఫొటోలు, బరువు, పళ్లు, కీళ్లు, రక్త నమూనాలు, అక్కడ వాడిన మందుల పేర్లు అన్నీ రాసి పెట్టాలి. మాట్లాడగలిగితే అతని మాటల్లోనే జరిగింది రికార్డు చేయాలి. హింస ఆనవాళ్లను ఎలా నమోదు చేయాలో చెప్పే ఇస్తాంబుల్ ప్రోటోకాల్ 1999 నుంచీ ఉంది, 2022లో దాన్ని సవరించారు కూడా. ఈ పద్ధతి తెలిసిన డాక్టర్లు ఎవరో విదేశాంగ శాఖకు ముందే తెలిసి ఉండాలి. మనిషి పోయాక ఫోన్లు చేసి వెతుక్కునే పని కాదిది.

అపోహ: అక్కడ పోస్టుమార్టం అయిపోయింది కాబట్టి ఇక్కడ మళ్లీ అక్కర్లేదు.

నన్ను అడిగితే, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. మృతదేహాన్ని దూరం పంపడానికి ఎంబామింగ్ చేస్తారు, అంటే పాడవకుండా రసాయనాలు ఎక్కిస్తారు. ఆ రసాయనాలు ఎక్కాక విషం, మందుల జాడ కనిపెట్టడం చాలా కష్టమవుతుంది. కాబట్టి ఎంబామింగ్‌కు ముందే రక్తం, మూత్రం, కణజాల నమూనాలు తీసి భద్రపరచమని ఎంబసీ రాతపూర్వకంగా కోరాలి. మొదటి పోస్టుమార్టం దగ్గర కుటుంబం తరఫున ఒక డాక్టర్ ఉండేలా అనుమతి అడగాలి. అనుమతి నిరాకరిస్తే ఆ నిరాకరణ కూడా కాగితం మీదే ఉండాలి. కేసు ఏళ్లు గడిచాక కూడా నిలబడేది ఇలాంటి కాగితాల మీదే. నోటిమాటగా "అడిగాం, కుదరదన్నారు" అంటే దానికి ఏ విలువా ఉండదు.

అయితే కుటుంబం వద్దంటే? వార్మ్‌బియర్ తల్లిదండ్రులు శవపరీక్ష వద్దన్నారు. పైపై పరీక్ష, స్కాన్లతోనే కరోనర్ (మరణ కారణం తేల్చే అధికారి) సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మెదడుకు ఆక్సిజన్ అందక జరిగిన నష్టం అని తేలింది కానీ, అది ఎందువల్ల జరిగిందో తేలలేదు. బిడ్డ శరీరాన్ని మళ్లీ కోయనివ్వలేని తల్లిదండ్రులను నేను ఒక్క మాట కూడా అనను. ప్రభుత్వం బలవంతం చేయకూడదు. చేయాల్సింది ఏమిటంటే, ఏది వదులుకుంటున్నారో తెలిసిన డాక్టర్‌ను కూర్చోబెట్టి, తొందరపెట్టకుండా, వాళ్ల భాషలో చెప్పించడం. ఆ తర్వాత నిర్ణయం వాళ్లది.

అపోహ: ఎంబసీ వాళ్లే వెళ్లి దర్యాప్తు చేయవచ్చు కదా!

చేయలేరు. పరాయి దేశంలో కాన్సులర్ అధికారికి, అంటే తమ పౌరుల బాగోగులు చూసే అధికారికి, పోలీసు అధికారాలు ఉండవు. ఉన్నదల్లా అడిగే హక్కు. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం ప్రకారం, అరెస్టయిన విదేశీయుడు కోరితే అతని ఎంబసీకి ఆలస్యం చేయకుండా తెలపాలి (36వ అధికరణం). ఎంబసీ వాళ్లు వెళ్లి కలవొచ్చు, లాయర్‌ను పెట్టించవచ్చు. తమ పౌరుడు మరణిస్తే ఆ విషయమూ వెంటనే చెప్పాలి (37వ అధికరణం).

చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. కస్టడీలో మనిషి చనిపోతే, అందుకు ఆ దేశానిదే బాధ్యత అని ముందుగా భావించాలని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2018లో తన 36వ సాధారణ వ్యాఖ్యలో (జీవించే హక్కుపై ఇచ్చిన వివరణలో) స్పష్టంగా చెప్పింది. సరైన దర్యాప్తు చేసి, తమ తప్పు లేదని చూపించాల్సిన భారం జైలు నడిపేవాళ్ల మీదే ఉంటుంది. కాబట్టి "మీ దగ్గర ఆధారాలేమున్నాయి?" అని వాళ్లు అడిగితే తడబడకూడదు. జైలు వైద్య రిజిస్టర్, సెల్ మార్పుల వివరాలు, డ్యూటీ పట్టిక, కెమెరా ఫుటేజీ ముందు మీరు ఇవ్వండి అని అడగాలి. కెమెరా ఫుటేజీ ఎక్కువ కాలం ఉండదు, దాని మీద మళ్లీ రికార్డవుతుంది. ఆ ఉత్తరం మొదటి రోజునే వెళ్లాలి.

అపోహ: రాయబారిని వెనక్కి పిలిస్తే ప్రభుత్వం గట్టిగా స్పందించినట్టే.

కెనడా, ఇరాన్ రెండు దేశాల పౌరసత్వం ఉన్న ఫొటో జర్నలిస్టు జహ్రా కాజెమీని 2003 జూన్‌లో టెహ్రాన్‌లోని ఎవిన్ జైలు బయట ఫొటోలు తీస్తుండగా అరెస్టు చేశారు. జులై 11న ఆమె చనిపోయారు. ముందు స్ట్రోక్ అన్నారు. తర్వాత తలకు దెబ్బ తగిలిందని ఇరాన్ అధికారులే ఒప్పుకున్నారు. మృతదేహాన్ని కెనడా పంపమని ఆమె కొడుకు కోరుతున్నా, షిరాజ్‌లో ఖననం చేసేశారు. ఖననం అయ్యాక కెనడా తన రాయబారిని పిలిపించుకుంది. అప్పటికే ముఖ్యమైన ఆధారం మట్టిలోకి వెళ్లిపోయింది. ఆమె ద్వంద్వ పౌరసత్వాన్ని ఇరాన్ గుర్తించకపోవడం ఒక చిక్కు. ఆ తర్వాత కొడుకు కెనడా కోర్టుకెక్కితే, విదేశీ ప్రభుత్వాల మీద దావా వేయనివ్వని చట్టం అడ్డొస్తోందని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. సొంత దేశం చట్టమే దారి మూసేసిందన్నమాట.

అమెరికా చట్టంలో మాత్రం, ఉగ్రవాదాన్ని పోషించే దేశాలంటూ ఆ ప్రభుత్వం పెట్టిన జాబితాలో ఉన్నవాటి మీద దావా వేయడానికి మినహాయింపు ఉంది. 2017 నవంబర్‌లో ఉత్తర కొరియాను మళ్లీ ఆ జాబితాలో చేర్చారు. వార్మ్‌బియర్ కుటుంబానికి 2018 డిసెంబర్‌లో ఫెడరల్ కోర్టు సుమారు 50 కోట్ల డాలర్ల తీర్పు ఇచ్చింది. అమెరికా స్వాధీనం చేసుకున్న ఒక ఉత్తర కొరియా ఓడ మీద కూడా వాళ్లు ఆ తీర్పు ఆధారంగా క్లెయిమ్ వేశారు. ఇలాంటి మినహాయింపు రాజకీయ జాబితాల మీద ఆధారపడటం నాకు నచ్చదు. చిత్రహింసల వల్ల జరిగిన మరణం ఏ దేశంలో జరిగినా కుటుంబానికి కోర్టు తలుపు తెరిచే ఉండాలి. ఆ చట్టం మార్చగలిగేది పార్లమెంటులే.

రాయబారిని పిలవడం తప్పని కాదు. దానితో పాటు వేరే పని నడవాలి. 2016లో కైరోలో చిత్రహింసలకు గురై చనిపోయిన ఇటలీ పరిశోధక విద్యార్థి జూలియో రెజెనీ విషయంలో ఇటలీ రాయబారిని ఏప్రిల్‌లో వెనక్కి పిలిచి 2017లో మళ్లీ పంపింది. కానీ రోమ్ ప్రాసిక్యూటర్లు మాత్రం మధ్యలో ఆపలేదు. రోమ్‌లో మళ్లీ పోస్టుమార్టం చేయించారు. నలుగురు ఈజిప్టు భద్రతాధికారుల మీద అభియోగాలు పెట్టారు. నిందితులకు సమన్లు అందించలేక విచారణ ఆగిపోతే, ఆ అడ్డంకిని 2023లో రాజ్యాంగ న్యాయస్థానం తొలగించింది. 2024లో విచారణ తిరిగి మొదలైంది.

అపోహ: మనిషే పోయాక అంతర్జాతీయ కోర్టులో కేసు ఎవరి కోసం?

అమెరికాలోని అరిజోనాలో లాగ్రాండ్ సోదరులనే ఇద్దరు జర్మన్ పౌరులకు 1999లో వారం రోజుల తేడాలో మరణశిక్ష అమలు చేశారు. ఎంబసీకి తెలిపే హక్కు ఉందని వాళ్లకు సకాలంలో చెప్పలేదు. రెండో వ్యక్తి శిక్ష ఆపమని ది హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ఆదేశించినా ఆగలేదు. ఇద్దరూ పోయాక కూడా జర్మనీ కేసు వదల్లేదు. 2001లో కోర్టు రెండు సంగతులు తేల్చింది. 36వ అధికరణం కింద ఉన్నవి దేశాల హక్కులే కావు, ఖైదీ సొంత హక్కులు కూడా. తన తాత్కాలిక ఆదేశాలు పాటించి తీరాల్సినవి. ఆ తర్వాత తన పౌరుల కోసం అమెరికా మీద మెక్సికో వేసిన కేసుకూ, పాకిస్తాన్‌లో మరణశిక్ష పడిన భారతీయుడు కులభూషణ్ జాదవ్ విషయంలో 2019లో తీర్పు వచ్చిన కేసుకూ ఇదే పునాది.

అపోహ: వాళ్ల ఖైదీలు మన జైల్లో ఉన్నారుగా, వాళ్లకూ ఆ నొప్పి తెలియాలి.

2013 ఏప్రిల్ 26న పాకిస్తాన్‌లోని లాహోర్ జైల్లో తోటి ఖైదీలు భారతీయ ఖైదీ సరబ్‌జీత్ సింగ్‌పై దాడి చేశారు. మే 2న అతను చనిపోయాడు. మర్నాడే జమ్మూ జైల్లో ఒక పాకిస్తానీ ఖైదీపై దాడి జరిగింది, అతను మే 9న చనిపోయాడు. రెండో మరణం మొదటి కుటుంబానికి ఏ న్యాయమూ తేలేదు. ఇలాంటి వార్త రాగానే ప్రభుత్వం తన జైళ్లలోని ఆ దేశపు ఖైదీలకు అదే రోజు భద్రత పెంచాలి.

అపోహ: నేరం చేసినవాడి కోసం ప్రభుత్వం ఇంత కష్టపడాలా?

శిక్ష పడింది జైలుకే, చావుకు కాదు. ఖైదీలను ఎలా చూడాలో చెప్పే ఐక్యరాజ్యసమితి నెల్సన్ మండేలా నియమాలు (2015) ఖైదీ చేసిన నేరమేమిటని అడగవు. కస్టడీలో ఎవరు చనిపోయినా స్వతంత్ర దర్యాప్తు జరగాలనీ, కుటుంబానికి వెంటనే చెప్పాలనీ అంటాయి.

మాదకద్రవ్యాల కేసులో శిక్ష పడి, విడుదలైన నెలలోపే చనిపోయిన ఒక అబ్బాయి తల్లి నా దగ్గరికి వచ్చారు. కొడుకు తప్పు చేశాడని ఆవిడే మొదట చెప్పారు. పరిహారం మాట ఎత్తలేదు. "వాడికి ఒంట్లో బాలేదని అక్కడ ఎవరికైనా చెప్పుకున్నాడా?" అని మాత్రమే అడిగారు. జైలు వైద్య రిజిస్టర్ ప్రతి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అనువాదం చేయించి, ఆవిడ పక్కన కూర్చుని చదివాను. డాక్టర్‌ను చూపించమని అతను రెండుసార్లు అడిగినట్టు అందులో ఉంది. రెండు తేదీలూ ఒక కాగితం మీద రాసివ్వమన్నారు. రాసిచ్చాను.