టైటానియం ఇంప్లాంట్‌కు తుప్పు పడుతుందా? విరుగుతుందా? అపోహలు - వాస్తవాలు

ఊడిన పన్ను స్థానంలో దవడ ఎముకలో బిగించే ఇంప్లాంట్ పెట్టించుకోబోయేవాళ్లు ముందుగా అడిగేది తుప్పు గురించి. "నోట్లో ఎప్పుడూ తడే కదా డాక్టర్ గారూ" అంటారు. విరగడం గురించి మాత్రం ఎవరూ అడగరు. నాకైతే ఆ రెండోదే పెద్ద విషయం.

అపోహ: టైటానియం దేనితోనూ కలవదు, అందుకే తుప్పు పట్టదు.

వాస్తవం: టైటానియం ఆక్సిజన్‌తో చాలా త్వరగా కలుస్తుంది. గాలి తగలగానే పైన కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర కట్టేస్తుంది. ఇనుము తుప్పులా ఇది పెచ్చులూడదు. లోహాన్ని అంటిపెట్టుకుని, లోపలికి దేన్నీ పోనివ్వదు. గీత పడినా దానంతటదే మళ్లీ కట్టుకుంటుంది. ఎముక వచ్చి అతుక్కునేది కూడా ఈ పొరకే.

అపోహ: అయితే ఆ పొరకు ఏమీ కాదు.

వాస్తవం: ఫ్లోరైడ్, ఆమ్లం కలిస్తే అవుతుంది. రెండూ కలిసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంగా మారి పొరను కరిగిస్తాయి. రోజూ వాడే టూత్‌పేస్ట్‌కు టెన్షన్ అక్కర్లేదు. క్లినిక్‌లో పూసే ఆమ్ల ఫ్లోరైడ్ జెల్ మాత్రం ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు నేను వాడను, న్యూట్రల్ ఫ్లోరైడ్ వాడతాను. రాపిడి కూడా శత్రువే. ఇంప్లాంట్, దాని మీద కృత్రిమ పన్నును మోసే భాగం (అబట్‌మెంట్) కలిసే సందులో సన్నటి కదలిక మొదలైతే పొర కట్టుకునేలోపే మళ్లీ అరిగిపోతుంటుంది.

అపోహ: ఎమ్మారై తీయించుకోకూడదు.

వాస్తవం: టైటానియాన్ని అయస్కాంతం లాగదు. స్కాన్ చేసేవాళ్లకు ఇంప్లాంట్ ఉందని ముందే చెబితే చాలు.

అపోహ: టైటానియం విరగదు. టైటానియం రకాల్లో గ్రేడ్ 5 అయితే ఇక తిరుగే లేదు.

వాస్తవం: అంకెల్లో తేడా ఉన్న మాట నిజమే. శుద్ధ టైటానియంలో అన్నిటికన్నా గట్టిదైన గ్రేడ్ 4 కనీసం 550 మెగాపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) లాగుడు తట్టుకుంటుంది. 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిసిన గ్రేడ్ 5 దాదాపు 900 దాకా వెళ్తుంది. టైటానియం-జిర్కోనియం మిశ్రమం కూడా గ్రేడ్ 4 కన్నా గట్టిదే, అందుకే సన్నటి ఇంప్లాంట్లకు వాడతారు. కానీ నోట్లో ఇంప్లాంట్ విరిగేది ఒక్క దెబ్బకు కాదు. లక్షల సార్లు నమిలిన ఒత్తిడికి కంటికి కనిపించని పగులు పుట్టి, మెల్లగా పెరిగి విరుగుతుంది. నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. వాళ్లకు రాత్రి పళ్లకు తొడుక్కునే నైట్ గార్డ్ తప్పనిసరి అంటాను.

గ్రేడ్ కన్నా ముందు నేను చూసేది లావు. ఒకే లోహపు గుండ్రటి కడ్డీని 3.3 మి.మీ. నుంచి 4.1 మి.మీ.కి పెంచితే వంపును తట్టుకునే బలం దాదాపు రెట్టింపవుతుంది. ఎముక వెడల్పు ఉన్నచోట, వెనక దవడలో, సన్నటి ఇంప్లాంట్ పెట్టడం నాకు ఒప్పుదల కాదు.

చాలాసార్లు ముందుగా ఇబ్బంది పెట్టేది అబట్‌మెంట్‌ను ఇంప్లాంట్‌కు బిగించే లోపలి చిన్న స్క్రూ. నమిలేటప్పుడు పన్ను కాస్త కదిలినట్టనిపిస్తే ఆ వారమే చూపించుకోండి. సడలిన స్క్రూను బిగించడమో మార్చడమో చిన్న పని. అలాగే వదిలేస్తే ఇంప్లాంటే విరగొచ్చు. అప్పుడు దాన్ని తీయాలంటే చుట్టూ ఎముకను కోయాల్సి వస్తుంది.