జడ్జిలు ఎలా వస్తారు, కోర్టు రూల్స్ ఎవరు మారుస్తారు: అపోహలు - వాస్తవాలు

టీవీ చర్చల్లో జడ్జిల నియామకం అంటే కొలీజియం (జడ్జిల పేర్లు సిఫార్సు చేసే సీనియర్ జడ్జిల బృందం) ఒక్కటే వినిపిస్తుంది. జిల్లా కోర్టులో సివిల్ కేసులు వాదించే నన్ను కక్షిదారులు అడిగేదీ దాని గురించే. కానీ వాళ్ల గట్టు తగాదానో, ఇంజంక్షన్ (అడ్డుకునే ఉత్తర్వు) దావానో వినేది చాలాసార్లు జూనియర్ సివిల్ జడ్జి, అంటే కింది కోర్టులో మొదటి మెట్టు జడ్జి. అక్కడ జరిగే మార్పుల గురించి ఎవరూ అడగరు. నా బాధ అదే.

అపోహ: జడ్జిలందరినీ కొలీజియమే ఎంపిక చేస్తుంది.

హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జిల వరకే. జూనియర్ సివిల్ జడ్జి పోస్టులకు మన రెండు రాష్ట్రాల్లోనూ హైకోర్టే నోటిఫికేషన్ ఇస్తుంది. స్క్రీనింగ్ టెస్టు, రాత పరీక్ష, వైవా దాటాలి. జిల్లా జడ్జిలు కొందరు ప్రమోషన్ మీద వస్తారు, కొందరు నేరుగా బార్ నుంచి, అంటే ప్లీడర్ల నుంచి, వస్తారు. నేరుగా రావాలంటే ఏడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. ప్రాక్టీసు, జడ్జి సర్వీసు కలిపి ఏడేళ్లున్న కింది కోర్టు జడ్జిలు కూడా ఈ పోటీలో దిగవచ్చని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

అపోహ: లా పాసైన వెంటనే పరీక్ష రాసి జడ్జి అయిపోవచ్చు.

2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనను దేశమంతటా మళ్లీ తెచ్చింది. నేను దీన్ని గట్టిగా సమర్థిస్తాను. వాయిదా అడిగే ప్లీడరు నిజంగా ఇబ్బందిలో ఉన్నాడా, కాలయాపన చేస్తున్నాడా అన్నది పుస్తకాలు చదివితే తెలియదు. తెల్లారి మొదటి బస్సెక్కి వచ్చిన కక్షిదారుకు వాయిదా అంటే ఒక రోజు కూలి. అది దగ్గరగా చూసినవాళ్లు బెంచి మీద ఉండాలి.

అయితే ఆ మూడేళ్లు జూనియర్ ప్లీడరు ఎలా బతకాలి? సీనియర్ ఇచ్చేది చిన్న ఊళ్లలో రూమ్ అద్దెకు కూడా చాలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో జూనియర్లకు నెలకు 5,000 రూపాయలిచ్చే పథకం మొదలైంది. స్టైపెండ్ దన్ను లేకుండా ఈ నిబంధన పెడితే, పేదింటి పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, పరీక్ష దాకా రాకముందే ఆగిపోతారు.

అపోహ: కొలీజియం పేరు పంపితే ప్రభుత్వం సంతకం పెట్టాల్సిందే.

హైకోర్టు జడ్జి పేరు హైకోర్టు చీఫ్ జస్టిస్, ఇద్దరు సీనియర్ జడ్జిలు కలిసి పంపుతారు. రాష్ట్ర ప్రభుత్వ అభిప్రాయం, ఇంటెలిజెన్స్ బ్యూరో నివేదిక, కేంద్ర న్యాయశాఖ దాటాక ఫైలు సుప్రీంకోర్టు కొలీజియానికి చేరుతుంది. కొలీజియం సిఫార్సును కేంద్రం వెనక్కి పంపవచ్చు. మళ్లీ అదే పేరు పంపితే మాత్రం నియమించాలి. అలా రెండోసారి వెళ్లిన పేర్లను మూడు నాలుగు వారాల్లో తేల్చాలని 2021లో సుప్రీంకోర్టు గడువు పెట్టినా, కొన్ని ఫైళ్లు ఏళ్ల తరబడి కదల్లేదు.

కొలీజియం స్థానంలో తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015లో సుప్రీంకోర్టు 4-1 తేడాతో కొట్టేసింది. ఒప్పుకోని ఆ ఒక్కరు మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్. కమిషన్ విషయంలో ఆయనతో నేను ఏకీభవించను. ఎంపిక గుట్టుగా జరగకూడదన్న ఆయన మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. 2017 నుంచి కొలీజియం తీర్మానాలు వెబ్‌సైట్‌లో పెడుతున్నారు, కానీ కారణాలు ఇంకా వివరంగా రాయాలి.

అపోహ: కోర్టు రూల్స్ మార్చాలంటే పార్లమెంటే మార్చాలి.

అక్కర్లేదు. సివిల్ దావాలు ఎలా నడవాలో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ మొదటి షెడ్యూలులోని రూల్స్‌ను సెక్షన్ 122 కింద హైకోర్టు మార్చుకోవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం, గెజిట్ ప్రకటన ఉంటే చాలు.

అపోహ: రూల్ మారితే జాప్యం పోతుంది.

2002 జులై 1 నుంచి రిటన్ స్టేట్‌మెంట్‌కు (దావాకు ప్రతివాది రాతపూర్వకంగా ఇచ్చే జవాబు) 30 రోజులు, మహా అయితే 90 రోజులు అన్నారు. 2005లో సుప్రీంకోర్టు, తగిన కారణముంటే ఆ తర్వాత కూడా తీసుకోవచ్చంది. దాంతో గడువు దాటినా ఓ పిటిషన్ వేసి, ఖర్చులు కట్టి దాఖలు చేయడం అలవాటైపోయింది. కమర్షియల్ (వ్యాపార లావాదేవీల) దావాల్లో మాత్రం 120 రోజులు దాటితే జవాబు దాఖలు చేసే హక్కే పోతుంది. అక్కడ ఇలా పిటిషన్ వేసి నెట్టుకురావడం కుదరదు.

2002లోనే వచ్చిన మరో మార్పు చీఫ్ అఫిడవిట్, అంటే సాక్షి ప్రమాణం చేసి రాసిచ్చే వాంగ్మూలం. అంతకుముందు సాక్షి బోనెక్కి చెబుతుంటే జడ్జి గారు రాసుకునేవారు, పూట గడిచిపోయేది. ఇప్పుడు ముందే టైపు చేసి దాఖలు చేస్తాం. టైము కలిసొచ్చింది, నిజమే. కానీ క్రాస్ ఎగ్జామినేషన్‌లో (ఎదురు ప్రశ్నల్లో) అవతలి ప్లీడరు "ఇందులో ఏముందో మీకు తెలుసా?" అని అడిగితే, "ప్లీడరు గారు రాయించారండీ, నేను సంతకం పెట్టాను" అని సాక్షులు అనేస్తారు. ఆ ఒక్క జవాబుతో సాక్ష్యం బలం సగం పోతుంది. సంతకం పెట్టేముందు మొత్తం తెలుగులో చదివి వినిపించమని మీ ప్లీడర్ని అడగండి. తేదీలు, సరిహద్దులు, ఇచ్చిన డబ్బు లెక్క తేడా ఉంటే అప్పుడే దిద్దించండి. బోనెక్కాక దిద్దడం కుదరదు.