నోటిపూతకు టైమ్‌టేబుల్ ఎట్లా తెలుసు?

బిడ్డా,

పరీక్షలు దగ్గరపడితే చాలు నోరు పూస్తుందని, ఇంటికి రాగానే తగ్గిపోతుందని రాశావు. "తాతా, నా నోటికి టైమ్‌టేబుల్ ఎట్లా తెలుసు?" అని అడిగావు. నవ్వొచ్చింది గానీ అడగాల్సిన మాటే. ఈ ఉత్తరం నీ రూమ్మేట్లకూ చదివి వినిపించు.

నర్సంపేట దగ్గర మా ఊళ్లో ముసురు పట్టి చెరువు నిండితే నీరటి, అంటే చెరువు నీళ్లు చూసుకునేవాడు, వాడలన్నీ తిరిగి కేకేసేవాడు. కట్ట తెగుతుందేమోనన్న భయంతో ఊరంతా పారలు, ఇసుక బస్తాలు పట్టుకొని అటే ఉరికేది. అట్లాంటి ఒక రోజు మా పొలం ఒడ్డుకు ఎండ్రికాయ బొక్క పెట్టింది. రెండు పారల మట్టి వేస్తే ఆగేదే. పదేళ్ల వాణ్ణి, మడమ అడ్డం పెట్టి కూర్చొని అరిచా. ఒక్కరూ రాలేదు. ఎండ్రికాయ మాత్రం వచ్చి కరిచింది! బాపు కట్ట దిగి వచ్చేసరికి ఒడ్డు జారి సగం నాటు కొట్టుకుపోయింది.

నువ్వు టెన్షన్ పడితే ఒళ్లు కూడా కట్ట తెగుతోందనే అనుకుంటుంది. కార్టిసాల్ అనే హార్మోను నీరటి కేకలాగా రక్తంలోకి వస్తుంది. గాయాలు మాన్పే ఒంటి బలగమంతా అటు పోతే నోట్లో చిన్న పుండును పూడ్చేదెవరు?

ఇది నా కల్పన అనుకోకు. అమెరికాలో 11 మంది దంతవైద్య విద్యార్థుల అంగిట్లో మూడున్నర మిల్లీమీటర్ల గాయం చేసి చూశారు. ఒకసారి వేసవి సెలవుల్లో, ఇంకోసారి పరీక్షకు 3 రోజుల ముందు. పరీక్షలప్పటి గాయం మానడానికి సగటున 3 రోజులు ఎక్కువ పట్టింది. ఒక్కరికి కూడా సెలవుల్లో మానినంత తొందరగా మానలేదు. 1998లో అచ్చయిందది. అంగిలి అప్పగించిన ఆ పిల్లలకు దండం పెట్టాలి.

నువ్వేమో రాత్రి రెండింటిదాకా చదివి, పొద్దున టిఫిన్ మానేసి, నీరటితో రోజూ కేక వేయిస్తున్నావు. కట్ట మీది జనాన్ని ఇళ్లకు పంపేది నిద్రే. నవ్వించే స్నేహితురాలు కూడా పంపుతుంది. సాయంత్రం ఆమెను తీసుకొని భద్రకాళి చెరువు కట్ట మీద నడువు. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త వడిగా నడిచినా మంచిదే అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మీ ముచ్చట్లకు అది మూడు సాయంత్రాల పని.

నడిస్తే మనసు తేలికపడుతుంది, మనసు తేలికపడితే ఒళ్లు కుదుటపడుతుంది. ఇక్కడ నా చెరువు పోలిక పనికిరాదు. నీళ్లు పల్లానికే పోతాయి, ఇదేమో ఒంటి నుంచి మనసుకు, మనసు నుంచి ఒంటికి రెండు దిక్కులా పారుతోంది. డెబ్బై దాటినా నాకది వింతగానే ఉంది.

ఈసారి నోరు పూస్తే అద్దంలో చూసి తేదీ రాసుకో. ఎన్నాళ్లకు మానిందో, ఆ రాత్రులు ఎన్ని గంటలు పడుకున్నావో పక్కనే రాయి. సెలవుల్లో పూస్తే అదీ రాయి. రెండు వారాలు దాటినా మానకపోతే మాత్రం లెక్కలు ఆపి డాక్టర్‌కు చూపించు, బి కాంప్లెక్స్ తక్కువై కూడా పూయవచ్చు. సద్దుల బతుకమ్మకు వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ మరిచిపోకు, నేనూ చూడాలి.

మీ తాత