సింహాద్రికి పాతికేళ్లు: బిల్లు కట్టేవాళ్ల లెక్క

విశాఖలో ఏ ఇంటి కరెంటు బిల్లు చూసినా, వాడిన యూనిట్ల కింద ట్రూ అప్ అనో సర్దుబాటు అనో ఇంకో పద్దు కనిపిస్తుంది. ఎప్పుడో వాడేసిన కరెంటుకు ఇప్పుడు కడుతున్న బాకీ అది. 2022-23కి దాదాపు 6,072 కోట్లు, 2023-24కి 9,412 కోట్లు వసూలు చేసుకోమని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఏపీఈఆర్‌సీ) 2024 చివర్లో కరెంటు పంపిణీ సంస్థలకు (డిస్కంలకు) అనుమతి ఇచ్చింది. ఈ భారం దిగకముందే ఇంకో లెక్క వచ్చిపడుతోంది. పరవాడలోని ఎన్టీపీసీ సింహాద్రి బొగ్గు విద్యుత్ కేంద్రం మొదటి దశకు పాతికేళ్లు నిండబోతున్నాయి.

సింహాద్రి కట్టిన రోజులు మామూలువి కావు. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకు ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు. మరుసటి ఏడాది విశాఖ కేంద్రంగా ఈపీడీసీఎల్ అనే డిస్కం వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 28న, చార్జీల పెంపును వ్యతిరేకిస్తూ సాగిన ఆందోళనలో హైదరాబాద్ బషీర్‌బాగ్ దగ్గర పోలీసు కాల్పులకు ముగ్గురు చనిపోయారు. కరెంటు ధర మన దగ్గర ప్రాణాల మీదికి వచ్చిన విషయం, దాన్ని మర్చిపోకూడదు. జపాన్ రుణంతో, సముద్రపు నీటితో చల్లబరిచే పద్ధతిలో, ఒడిశా తాల్చేరు బొగ్గు మీద ఆధారపడి 500 మెగావాట్ల యూనిట్లు రెండు లేచాయి. మొదటిది 2002 సెప్టెంబర్ 1న, రెండోది 2003 మార్చి 1న వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాయి. ఆ 1,000 మెగావాట్లూ ఉమ్మడి రాష్ట్రానికే. 2014 విభజనలో తెలంగాణకు 53.89 శాతం, మనకు 46.11 శాతం దక్కింది. తర్వాత కట్టిన రెండో దశ వయసులో చిన్నది, దాని సంగతి ఇప్పుడు అవసరం లేదు.

అసలు విషయం ధరలో ఉంది. థర్మల్ కరెంటుకు రెండు రకాల చార్జీలు కడతాం. బొగ్గు ఖర్చు ఒకటి, కాలిస్తేనే పడుతుంది. రెండోది స్థిర చార్జీ: అప్పు, వడ్డీ, తరుగుదల (కట్టిన ఖర్చును ఏటా కొంత చొప్పున రాబట్టుకునే పద్దు), పెట్టుబడి మీద రాబడి, నిర్వహణ. విద్యుత్ కేంద్రం ఏడాదిలో 85 శాతం మేర ఉత్పత్తికి సిద్ధంగా ఉంటే చాలు, డిస్కం కరెంటు తీసుకోకపోయినా ఇది పూర్తిగా కట్టాలి. బొగ్గు కేంద్రానికి కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ పెట్టిన ఆయుష్షు 25 ఏళ్లు. ఆలోగా కట్టడం ఖర్చులో 90 శాతం తరుగుదల కిందే వసూలైపోతుంది. అంటే సింహాద్రి మొదటి దశను విశాఖ, శ్రీకాకుళం, వరంగల్ జనం బిల్లుల రూపంలో దాదాపు కొనేశారు.

అలాంటప్పుడు ధర తగ్గాలి కదా? కొంత తగ్గుతుంది. కానీ ఎన్టీపీసీకి పెట్టుబడి మీద రాబడి ఆగదు. దానికితోడు పాతికేళ్లు దాటిన యూనిట్లకు, మరమ్మతు, ఆధునికీకరణలకు బదులుగా, మెగావాట్‌కు ఏటా 10.75 లక్షల ప్రత్యేక భత్యం తీసుకునే వీలు 2024-29 నిబంధనల్లో ఉంది. వెయ్యి మెగావాట్లకు లెక్కేస్తే ఏడాదికి 107 కోట్ల పైమాటే.

మరి వదిలేస్తే? పాతికేళ్ల ఒప్పందం ముగిశాక డిస్కంలు తమ వాటా వదులుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2021 మార్చిలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టిన రోజులు ఇక్కడి ఫ్యాక్టరీల వాళ్లకు గుర్తున్నాయి. 2023 జనవరిలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2030 దాకా ఏ థర్మల్ యూనిట్‌నూ మూసేయవద్దని చెప్పింది. మధ్యాహ్నం సౌర కరెంటు ఉంటుంది, చీకటి పడ్డాక ఏసీలు, ఫ్యాన్లు ఒక్కసారిగా తిరిగే గంటల్లో బొగ్గే దిక్కు. పగలు తగ్గించి సాయంత్రం పెంచే ఈ పని పాత బాయిలర్‌కు కష్టం. వేడి ఎక్కీ దిగీ ట్యూబులు లీకవుతాయి, యూనిట్ ఆగుతుంది, మరమ్మతు ఖర్చు మళ్లీ పెరుగుతుంది.

ఇంకో మాట చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఇంత పెద్ద కేంద్రం పక్కనే ఉన్నా నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. కూలింది టవర్లు, స్తంభాలు. ఆ తర్వాత భూగర్భ కేబుళ్ల మీద పెట్టిన డబ్బే మనకు నిజంగా పనికొచ్చింది. గాజువాకలో 1999 నుంచే తూర్పు గ్రిడ్‌తో కలిపే హెచ్‌వీడీసీ (హై వోల్టేజీ డీసీ) స్టేషన్ ఉంది. 2013 డిసెంబర్ 31 నుంచి దక్షిణ గ్రిడ్ దేశమంతటితో కలిసి నడుస్తోంది. కాబట్టి 'ఇది ఆగితే విశాఖ ఆరిపోతుంది' అనే భయాన్ని యథాతథంగా నమ్మనక్కర్లేదు.

లెక్క చెప్పకుండా నడిపితే ఏమవుతుందో అమెరికాలో చూశాం. మిషిగన్‌లోని క్యాంప్‌బెల్ బొగ్గు కేంద్రం 2025 మే 31న మూతపడాలి. వారం ముందు అక్కడి ఇంధన శాఖ అత్యవసర ఉత్తర్వుతో దాన్ని ఆపనివ్వలేదు. తొలి ఐదు వారాలకే 2.9 కోట్ల డాలర్ల ఖర్చు తేలింది. అది పలు రాష్ట్రాల వినియోగదారుల మీద పడింది.

నా మటుకు నాకు, సింహాద్రి మొదటి దశను, రెండు యూనిట్లకూ పాతికేళ్లు నిండే 2028లో గబుక్కున వదులుకోవడం తొందరపాటే. సాయంత్రం లోటు తీర్చే బ్యాటరీలు, పంప్డ్ స్టోరేజీ (నీళ్లు పైకి తోడి ఉంచి, కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి) ఆ స్థాయిలో చేతికి రావాలి. కానీ కొనసాగించేటట్టయితే స్థిర చార్జీ ఎంత తగ్గుతుందో, ప్రత్యేక భత్యం తీసుకుంటారో లేదో, అదే డబ్బుతో బ్యాటరీ కరెంటు ఎంతకు వస్తుందో ముందే చెప్పాలి. సింహాద్రి ధర ఢిల్లీలో కేంద్ర కమిషన్ తేలుస్తుంది, మన బిల్లులోకి ఎక్కేటప్పుడు ఏపీఈఆర్‌సీ బహిరంగ విచారణ జరుపుతుంది. పరవాడ బూడిద చెరువు పక్క పల్లెల వాళ్లు ఎండాకాలం గాలికి లేచే బూడిదను దాదాపు పాతికేళ్లుగా పీలుస్తున్నారు. ఆ విచారణలో మొదట వినాల్సింది వాళ్ల మాట.