నాజిల్‌లో మోటారు లేదు, మరి ధార ఎలా ఊగుతోంది?

కొన్ని కార్లలో అద్దం కడిగే నీళ్లు సన్నని ధారగా కాకుండా వెడల్పుగా పరుచుకుని పడతాయి, ఆ నాజిల్‌కు బోలెడు రంధ్రాలుంటాయా అని ఒక పాఠకుడు అడిగారు. అక్కర్లేదు. ఒకటే ధార, కుడికీ ఎడమకీ సెకనుకు వందలసార్లు ఊగుతుంది, అంతే. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి తీస్తే మెలికలు దొరికిపోతాయి.

లోపల కదిలే భాగం ఒక్కటీ లేదు. ప్లాస్టిక్ ముక్కలో ఒక చిన్న గది, దానికి రెండు పక్కలా రెండు కాలువలు.

గదిలోకి దూసుకొచ్చిన ధార, అంటే జెట్, చుట్టూ ఉన్న నీటిని తనతో లాక్కుపోతుంది. సరిగ్గా నడుమ పోవచ్చు కదా అంటే, ఆ స్థితి నిలవదు: వెంట్రుకవాసి ఒక పక్కకు జరిగినా చాలు, ఆ గోడ వైపు లాక్కుపోయిన నీటి స్థానంలోకి కొత్త నీరు వచ్చే దారి ఇరుకై, పీడనం పడిపోయి, జెట్ ఇంకా అటే వంగి గోడకు అతుక్కుంటుంది. రుమేనియా ఇంజనీరు పేరు మీద దీన్ని కొవాండా ప్రభావం అంటారు. (కుళాయి ధారకు చెంచా వీపు ఆనించి ఇదే కొవాండా అని క్లాసుల్లో చూపిస్తుంటారు. అక్కడ ఎక్కువ పని తలతన్యతది, ఆ డెమో చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.)

అతుక్కున్న జెట్‌ను అక్కడే ఉండనివ్వనిది పక్క కాలువ. గోడ వెంట పోయే నీటిలో కొంత గది చివర ఆ కాలువలోకి మళ్లి, వెనక్కి వచ్చి, జెట్ మొదట్లో, జెట్‌కూ గోడకూ మధ్యన చేరుతుంది. అక్కడి సుడి ఉబ్బి జెట్‌ను అవతలి గోడకు తోసేస్తుంది. ధార తాను కూర్చున్న కొమ్మనే నరుక్కుంటోందన్నమాట. అవతలి కొమ్మ ఎక్కి దాన్నీ నరుకుతుంది. పైగా కొమ్మ మీద కుదురుగా కూర్చున్నాకే కాలువలోకి నీరు బాగా పోయి గొడ్డలికి బలం వస్తుంది.

ఆ సుడి ఎంత ఉబ్బాలన్నది గది సైజును బట్టి ఉంటుంది. నీటి వేగం రెట్టింపైతే సగం టైములోనే ఉబ్బుతుంది, పౌనఃపున్యం, అంటే సెకనుకు ఊపుల సంఖ్య, దాదాపు రెట్టింపవుతుంది. పౌనఃపున్యాన్ని గది కొలతతో గుణించి వేగంతో భాగిస్తే వచ్చే స్ట్రౌహల్ సంఖ్య పెద్దగా మారదు. అందుకే ఊపులు లెక్కపెట్టి ప్రవాహాన్ని కొలిచే మీటర్లు వచ్చాయి.

కాలువలు తీసేస్తే జెట్ ఏదో ఒక గోడకు అంటుకుని ఉండిపోతుంది, దాన్నే 0, 1 అనుకుని 1960లలో అమెరికా కంప్యూటర్ల కంపెనీ యూనివాక్ వాళ్లు ఫ్లోడాక్ అనే గాలి కంప్యూటరే కట్టారు! గాలిలో సంకేతం ధ్వని వేగాన్ని, అంటే సెకనుకు సుమారు 340 మీటర్లను, దాటలేదు కాబట్టి ఎలక్ట్రానిక్స్ ముందు నిలవలేదు. ఊగే జెట్ మాత్రం బతికింది. 2015లో నాసా, బోయింగ్ కలిసి ఒక 757 విమానం నిలువు తోక మీద ఇలాంటివి వరసగా అమర్చి ఎగరేశాయి. చుక్కానిని బాగా తిప్పినప్పుడు గాలి దాని ఉపరితలాన్ని వదిలేయకుండా పట్టి ఉంచడం వాటి పని.