దిగుమతి మడత చాకులు: అపోహలు, వాస్తవాలు

నెల్లూరు చిన్నబజారు దగ్గర సందులో మాది సాన కొట్టు. నాన్న సైకిలుకు సాన చక్రం కట్టుకుని ఊళ్లు తిరిగేవారు. నేను 22 ఏళ్లుగా ఒకే చోట కూర్చుని పని చేస్తున్నాను. ఒకప్పుడు మా దగ్గరికి కత్తిపీటలు, కొడవళ్లు, సెలూన్ కత్తెరలు వచ్చేవి. ఇప్పుడు వాటితో పాటు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న మడత చాకులూ వస్తున్నాయి. పొదలకూరు నిమ్మతోటల వాళ్లు, రొయ్యల గుంటల దగ్గర పనిచేసేవాళ్లు, డ్రిప్పు పైపులు వేసే మేస్త్రీలు, కొరియర్ కుర్రాళ్లు తెస్తుంటారు. ధర రూ.300 నుంచి రూ.2,500 దాకా ఉంటుంది. ఒక్కొక్కరికీ ఆ చాకు గురించి ఏదో ఒక గట్టి నమ్మకం. అందులో చాలావాటి వల్ల పోయేది డబ్బే. ఒక నమ్మకం వల్ల మాత్రం వేలు తెగుతుంది.

అపోహ: అయస్కాంతానికి అంటుకుంటే అసలు స్టీలు కాదు

పోయిన వారం కూడా ఒక కుర్రాడు కొత్త చాకు బల్ల మీద పెట్టి, "అన్నా, అయస్కాంతానికి అంటుకుంటా ఉండాది, మోసం చేశారు" అన్నాడు. ఈ పరీక్ష స్టీలు సామాన్ల కొట్టు నుంచి వచ్చింది. గిన్నెలకైతే అది కొంత పనికొస్తుంది. మనం అన్నం తినే మంచి స్టీలు కంచంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. అది అయస్కాంతానికి దాదాపుగా అంటదు. కానీ ఆ స్టీలును ఎంత కాల్చి చల్లార్చినా కత్తికి కావలసినంత గట్టిపడదు. చాకుకు ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లబరిస్తే బిగుసుకునే స్టీలు కావాలి. ఆ జాతి స్టీళ్లన్నీ అయస్కాంతానికి అంటుకుంటాయి, వేలు పోసి కొన్న స్విస్ చాకు కూడా అంతే. స్టీలు చాకు అంటుకోకపోతేనే అనుమానించండి.

అపోహ: చైనా సరుకు రెండు రోజుల ముచ్చట

చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో యాంగ్‌జియాంగ్ అనే ఊరుంది. కత్తులు, కత్తెరలకు అది పేరున్న ఊరు. వారం తిరక్కుండా కీలు వదులైపోయే చాకులూ, ఏళ్ల తరబడి నిలిచే చాకులూ చైనా నుంచే వస్తాయి. స్పైడర్‌కో అనే అమెరికా కంపెనీ తన టెనేషియస్ చాకును చైనాలోనే చేయించింది. అందులో వాడిన 8సీఆర్13ఎంఓవీ స్టీలు చవక చాకుల్లోనూ కనిపిస్తుంది. తేడా ఎక్కడంటే, ఆ స్టీలును ఎంత వేడికి కాల్చారు, ఎలా చల్లార్చారు, మళ్లీ ఎంత వేడిలో ఉంచి పెళుసుతనం తీశారు అన్నదాంట్లో. ఒకే లారీ కమాన్ పట్టీని ఇద్దరు కమ్మరుల చేతికిస్తే రెండు రకాల కొడవళ్లు వస్తాయని మన రైతులకు తెలుసు. ఒకటి పంటకాలమంతా కోస్తుంది, ఇంకొకటి మూడో మడికే మొద్దుబారుతుంది. చాకుల సంగతీ అంతే.

అపోహ: బ్లేడు మీద ఏ స్టీలని రాసి ఉంటే అదే

రాసి ఉండటం వేరు, ఉండటం వేరు. "440" అని మాత్రమే అచ్చు వేసిన చాకులు కుప్పలుగా వస్తాయి. 440 అనే స్టీలులో ఏ, బీ, సీ అని మూడు రకాలున్నాయి. ఏలో కార్బన్ 0.60 నుంచి 0.75 శాతం, సీలో 0.95 నుంచి 1.20 శాతం. కార్బన్ ఎక్కువ ఉన్న సీ వాడినవాడు ఆ అక్షరం రాయకుండా ఊరుకోడు. కాబట్టి ఉత్త 440 అని ఉంటే తక్కువ రకమనే లెక్క వేసుకోండి.

చైనా స్టీళ్ల పేర్లు చదవడం తేలిక. 3సీఆర్13లో మొదటి అంకె 3 అంటే కార్బన్ సుమారు 0.3 శాతం, చివరి 13 అంటే క్రోమియం సుమారు 13 శాతం. 5సీఆర్15లో 0.5, 15. 8సీఆర్13లో 0.8, 13. కార్బన్ పెరిగేకొద్దీ అంచు గట్టిపడి ఎక్కువసేపు నిలుస్తుంది. అలాగని 3సీఆర్13 పారేయాల్సిన సరుకేం కాదు. టేపు, సంచి తాడు, పండు కోసుకోవడానికి చాలు, మొద్దుబారినా ఇంట్లోనే రాయి మీద నాలుగు సార్లు రుద్దితే పదును వచ్చేస్తుంది. స్విస్ విక్టోరినాక్స్ చాకు గట్టితనం కూడా రాక్‌వెల్ కొలతలో 56 దరిదాపుల్లోనే ఉంటుంది, అంటే మెత్తని వైపే. అది కావాలని ఎంచుకున్న మెత్తదనం.

అపోహ: స్టెయిన్‌లెస్ అయితే తుప్పు పట్టదు

మన జిల్లాలో ఈ మాట అసలు నమ్మకూడదు. ఒక పక్క సముద్రం, ఒక పక్క నిమ్మతోట.

స్టీలుకు స్టెయిన్‌లెస్ అనే పేరు రావాలంటే కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. డీ2 అనే స్టీలులో సుమారు 12 శాతం ఉంటుంది. లెక్క ప్రకారం సరిపోవాలి కదా? కానీ అందులో కార్బన్ 1.5 శాతం దాకా ఉంటుంది. ఆ కార్బన్ క్రోమియంలో కొంత భాగాన్ని తనతో కట్టేసుకుంటుంది. తుప్పును ఆపడానికి మిగిలే క్రోమియం తక్కువ. పొదలకూరు రైతు ఒకాయన డీ2 చాకు మంచిదని విని కొన్నాడు. మాట నిజమే, అంచు చాలా కాలం నిలుస్తుంది. కానీ నిమ్మకాయలు కోసి, తుడవకుండా మడిచి జేబులో వేసుకున్నాడు. వారానికి బ్లేడంతా గోధుమరంగు మచ్చలు. ఆయన పనికి 8సీఆర్13 అయినా సరిపోయేది, ధర కూడా తక్కువ.

రొయ్యల గుంటల వాళ్లకు వచ్చే ఇబ్బంది వేరు. వాళ్ల చాకుల్లో బ్లేడు మెరుస్తూనే ఉంటుంది, కీలు లోపల ఉప్పునీరు ఆరిపోయి తుప్పు గుంటలు పడతాయి. పని అయ్యాక మంచినీళ్లతో కడిగి, తెరిచే ఉంచి ఆరబెట్టి, కీలులో ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేయండి. కొబ్బరినూనె వద్దు, లోపల జిగురు కడుతుంది.

అపోహ: డబ్బా తీయగానే కాగితం సర్రున కోస్తే మంచి కత్తి

రేకు ముక్కను ఇవ్వండి, కాగితం కోసేలా సాన పట్టి ఇస్తాను. కొత్త పదును సాన పట్టినవాడి పనితనం, దాన్ని బట్టి స్టీలు సంగతి తెలియదు. దీనికి తిరగేసిన పొరపాటు కూడా ఉంది. కొన్న వారానికే మొద్దుబారితే చెత్త స్టీలు అని తీర్పు చెప్పేస్తారు. ఫ్యాక్టరీలో హడావుడిగా సాన పట్టినప్పుడు అంచు చివర కాస్త కాలిపోయి మెత్తబడుతుంది. రెండు మూడు సార్లు రాయి మీద పట్టి ఆ పొర అరిగిపోయాక కొన్ని చాకులు బాగా నిలవడం నేను చాలాసార్లు చూశాను.

నేను చేసే పరీక్ష ఒకటి చెబుతాను. పదును పెట్టిన చాకు అంచును పెన్సిలంత లావు ఇత్తడి కడ్డీ మీద పడుకోబెట్టినట్టు ఆనించి, మెల్లగా నొక్కుతూ లాగుతాను. దీపం వెలుగులో చూస్తే అంచు కాస్త వంగుతుంది. వంగి మళ్లీ నిటారుగా వస్తే కాల్చడం, చల్లార్చడం బాగా చేశారన్నమాట. వంగి అలాగే ఉండిపోతే మెత్తది. పళ్లు పడితే పెళుసుది. ఇంట్లోనైతే పదును పెట్టాక ఒక అట్టపెట్టెను ముక్కలుగా కోసి, వెంటనే మళ్లీ కాగితం కోసి చూడండి, అప్పటికీ తెగితే అంచు నిలిచినట్టే.

అపోహ: బ్లేడు ఎంత మందమైతే అంత గట్టి

4 మి.మీ. మందం బ్లేడుతో నిమ్మకాయ కోస్తే కాయ తెగదు, చీలుతుంది. ఫ్రాన్స్‌లో 1890 నుంచి చేస్తున్న ఒపినెల్ చాకు చూడండి. చెక్క పిడి, 2 మి.మీ. కూడా లేని బ్లేడు. కోతలో దానికి సాటివచ్చే మందపాటి చాకు నా చేతికి రాలేదు. కొనేటప్పుడు వీపు (పదును లేని వైపు) మందం కంటే అంచుకు కాస్త పైన ఎంత సన్నగా ఉందో చూడాలి.

అపోహ: క్లిక్కుమంటే లాక్ పడినట్టే

మొదట్లో వేలు సంగతి చెప్పింది దీని గురించే. మూడేళ్ల కిందట డ్రిప్పు మేస్త్రీ ఒకాయన చూపుడు వేలికి కట్టుతో వచ్చాడు. 16 మి.మీ. పైపుకు బెజ్జం పెడదామని చాకు మొన గుచ్చి నొక్కితే, బ్లేడు వెనక్కి మడుచుకుని వేలు మీద పడింది. నాలుగు కుట్లు. "క్లిక్కుమనింది గదన్నా" అన్నాడు. విప్పి చూశాను. పిడి లోపలి రేకు పక్కకు జరిగి బ్లేడు మడమకు, అంటే కీలు వైపు చివరకు, ఆనే రకం లాక్ అది. రేకు మడమ అంచుకు వెంట్రుకవాసి మాత్రమే తగులుతోంది. చప్పుడు వచ్చింది, పట్టు లేదు.

చాకు చేతికి రాగానే పూర్తిగా తెరిచి, వెలుతురులో పిడి లోపలికి చూడండి. రేకు తన మందమంతా మడమ మీద ఆనాలి. మూలకు మాత్రమే తగిలినా, కొత్తలోనే అవతలి పక్కకు చేరిపోయినా తిరిగి పంపించేయండి. తర్వాత వేళ్లన్నీ బ్లేడు మడిచే దారిలో లేకుండా పిడిని రెండు పక్కల నుంచి పట్టుకుని, బ్లేడు వీపును చెక్కబల్లకు ఆనించి నెమ్మదిగా బలం పెంచండి. జారితే అది వాడదగింది కాదు, ఎంత చవకైనా సరే. బ్లేడు అటూ ఇటూ ఊగితే కీలు స్క్రూ కాస్త బిగిస్తే సర్దుకోవచ్చు. పైకీ కిందికీ ఊగితే స్క్రూతో పోదు, లాకే సరిగా కూర్చోలేదు.

లాక్ లేని, స్ప్రింగు పట్టు మీద నిలిచే చాకులు నాసిరకం కావు. వాటితో కోయండి, గుచ్చకండి.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. చవక చాకు మీద అలల్లాంటి డమాస్కస్ (పొరలు పొరలుగా కలిపి కొట్టిన స్టీలు) గీతలు ఎక్కువగా పైన ముద్రించినవే, గట్టిగా రుద్దితే పోతాయి. నల్ల పూత అందానికే అనుకోకండి, తుప్పును కొంత ఆపుతుంది, కానీ అంచు దగ్గర పూత ఉండదు. మడిచినప్పుడు బ్లేడు సరిగ్గా మధ్యలో లేకపోయినా పక్క రేకుకు రాసుకోకపోతే చాలు. బటన్ నొక్కగానే ఎగిరి తెరుచుకునేవి కొనకండి. స్ప్రింగు త్వరగా పోతుంది, దారిలో తనిఖీ జరిగితే అనవసరమైన టెన్షన్.

అపోహ: మోటారు సాన మీద ఒక్క నిమిషం పెడితే కొత్తదైపోతుంది

నా వృత్తే అయినా చెప్పాలి. మోటారు సాన దగ్గర నిప్పురవ్వలు ఎగురుతుంటే పదును ఎక్కుతోందని సంబరపడతారు. ఆ సన్నని అంచు క్షణంలో వేడెక్కుతుంది. రంగు మారిందంటే అక్కడ స్టీలు గట్టితనం పోయినట్టే, ఆ భాగం అరగదీసి పారేయాల్సిందే. ఎవరి దగ్గర ఇచ్చినా పక్కన నీళ్ల డబ్బా ఉందా, బ్లేడును మాటిమాటికీ ముంచుతున్నారా చూసుకోండి. మడత చాకు తెస్తే నేను మోటారు ఆపేసి, తడిరాయి మీద చేత్తోనే పడతాను. పావుగంట పడుతుంది, స్టూలు వేస్తాను, కూర్చోండి.