నడుములోతు నీళ్లలో పులికాట్

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డుకి రెండు పక్కలా కనుచూపు మేర నీళ్లే కనిపిస్తాయి. అంత నీళ్ల మధ్యలో ఎవరో ఒకాయన వల భుజాన వేసుకుని తాపీగా నడిచిపోతుంటాడు. ఇదే పులికాట్ సరస్సు. చిలికా తర్వాత మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరోటి లేదు. అయినా సగటు లోతు మీటరుకి కాస్త అటూ ఇటూ, అంతే.

శ్రీహరికోట దీవి అడ్డుండటంతో బంగాళాఖాతం అలలు లోపలికి రావు. గాలికి లేచే అల కూడా లోతు లేనిచోట ఎంతో ఎదగదు. దాని ఎత్తు నీటి లోతులో సుమారు ముప్పాతిక వంతుకి చేరేసరికి విరిగిపోతుంది. శ్రీలంకలో కల్పిటియ దగ్గర కైట్ సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే పలక మీద నిలబడి నీళ్లపై జారే ఆట) నేర్చుకునేవాళ్లు లోతు తక్కువున్న ఇలాంటి సరస్సునే వెతుక్కుంటారు. గాలి దండిగా ఉంటుంది, నీళ్లు చదునుగా ఉంటాయి, పడితే లేచి నిలబడొచ్చు.

ఇక చేపల సంగతి. ఎండ అడుగుదాకా దిగుతుంది కాబట్టి నాచు, నీటిగడ్డి బాగా పెరుగుతాయి. రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలోనే. సెంటీమీటరు పొడవున్న పిల్లలు మాత్రం పోటుతోపాటు సముద్రం, సరస్సు కలిసే ముఖద్వారం దాటి లోపలికొచ్చి, ఆ గడ్డిలో దాక్కుని, తిని, కొన్ని నెలలకి మళ్లీ సముద్రం దారి పడతాయి. జాలర్ల బతుకంతా ఈ రాకపోకల మీదే.

చిక్కల్లా ఆ ముఖద్వారాలతోనే. తీరం వెంబడి అలలు ఇసుకను తోస్తూనే ఉంటాయి. ఈశాన్య రుతుపవనాల వానలకి స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నీళ్లు ఉరుకులు పెడితే ఆ ఇసుక కొట్టుకుపోతుంది. వానలు మొహం చాటేస్తే పూడిక పడుతుంది. అప్పుడు రొయ్యపిల్ల లోపలికి రాదు, వేసవిలో ఆవిరైన నీటి బదులు సముద్రపు నీరూ రాదు. మిగిలిన నీళ్లు సముద్రం కన్నా ఉప్పగా తయారవుతాయి.

పండగ రోజుల్లో భీమునివారిపాలెం దగ్గర పడవ షికారు ఉంటుంది. సరదానే, కాదనను. కానీ ఇంత తక్కువ లోతులో మోటారు ఫ్యాను తిరిగితే అడుగు బురద లేచి ఎండకి అడ్డం పడుతుంది, గడ్డి తెగుతుంది, వలలూ తెగుతాయి. ముక్కు తలకిందులుగా నీళ్లలో పెట్టి, నాలుకతో నీళ్లు లాగి వడకట్టుకు తినే ఫ్లెమింగోలు ఆ చప్పుడుకే లేచిపోతాయి. నన్నడిగితే ఇక్కడ స్పీడ్ బోట్లు వద్దేవద్దు. గెడకర్రతో తోసే పడవ, గాలి ఉంటే తెరచాప చాలు.

వెళ్లేవాళ్లకి డిసెంబరు, జనవరి నెలలు అనుకూలం. మే నెలలో ఉత్తరం వైపు వెళ్తే మాత్రం చాలాచోట్ల పడవ కన్నా బైకే పనికొస్తుంది.